తెల్లగానే మిగిలిన చొక్కా

ఏడో తరగతి పరీక్షలు అయ్యాయంటే చాలు, టైలరమ్మకి తిండీ నిద్రా ఉండవు. ఊళ్లో ఉన్నవి రెండే హైస్కూళ్లు. మార్కుల్లో మొదటి ఎనభై మందీ గడియారం బడికి, మిగతావాళ్లంతా పాత గోడౌనులో నడిచే బడికి. గడియారం బడికి నీలం చొక్కా, గోడౌను బడికి ఖాకీ. రిజల్ట్స్‌కీ బడి తెరవడానికీ మధ్య నాలుగు రోజులే గడువు. అంచేత ఆవిడ అందరికీ ముందే తెల్లగుడ్డతో కుట్టేసి దండెం మీద వేస్తుంది. తెల్లారేసరికి ఏ పిల్ల ఏ బడికి పోవాలో ఆ రంగు దాని చొక్కాకి వచ్చేస్తుంది. "చేతులు పొడుగ్గా పెట్టమన్నానా లేదా?" అని సణిగేవాళ్లే గానీ, ఇదేం వింత అన్నవాళ్లు లేరు.

ఈసారి పక్కింటి సైకిల్ షాపాయన కూతురి చొక్కా నీలం తిరిగింది. ఎడమచేతి పట్టీ ఒక్కటే తెల్లగా మిగిలింది.

"ఒక ఉతుకు పడితే అదే సర్దుకుంటుందిలే తమ్ముడూ," అంది టైలరమ్మ. కూతురికి గడియారం బడేనని ఆయన వీధంతా చెప్పుకొచ్చాడు.

టైలరమ్మ కూతురు చిట్టి చొక్కా మాత్రం మూడు రోజులైనా తెల్లగానే ఉంది.

"నాకు ఏ బడీ లేదేమో అమ్మా!"

"నోర్ముయ్. గుడ్డ మందం, టైం పడుతుంది," అని కసిరింది గానీ ఆవిడ మాటిమాటికీ దండెం వైపే చూసింది. గోడౌను బడికి లెక్కల మాస్టారు వచ్చి ఎన్నేళ్లయిందో! తనూ అక్కడే చదివి, పది తప్పి, కుట్టుమిషను ముందు కూర్చుంది. చిట్టీ కూర్చోవాలా?

రిజల్ట్స్ వచ్చాయి. ఎనభయ్యో పేరు సైకిల్ షాపాయన కూతురిది. చిట్టిది ఎనభై మూడు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

టైలరమ్మ దండెం దగ్గరికి పరుగెత్తింది. చొక్కా ఇంకా తెల్లగానే ఉంది. లిస్టు వచ్చేశాక ఖాకీ అయినా తిరగాలి కదా! చొక్కాని సంచీలో కుక్కి, కూతుర్ని రెక్క పట్టుకుని పరీక్షల ఆఫీసుకి లాక్కుపోయింది.

"లిస్టు ఖాయమైపోయిందమ్మా, నేనేం చెయ్యను?" అన్నాడు గుమాస్తా.

ఆవిడ చొక్కా తీసి బల్లమీద పరిచింది. "ఇది ఇంకా తేల్చుకోలేదు బాబూ. ఒక్కసారి మార్కులు మళ్లీ కూడండి, మీకు పుణ్యముంటుంది."

పోయినేడు ఆయన కూతురికీ ఆవిడే కుట్టింది. జవాబు పేపర్ల కట్ట విప్పాడు. లెక్కల పేపరు తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఆఖరి పేజీ ముందు పేజీకి అతుక్కుపోయింది. అందులోని తొమ్మిది మార్కులు ఎవరూ కూడలేదు. పాత మొత్తం కొట్టేసి ఆయన కొత్తది రాస్తుంటే, కాలరు దగ్గర మొదలై నీలం కిందికి దిగింది.

చిట్టి ఎగిరి గంతేసింది. టైలరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గుమాస్తా మాత్రం లిస్టు ముందుకు లాక్కుని, "సీట్లు ఎనభయ్యే కదా," అనుకుంటూ ఎనభయ్యో పేరు మీద స్కేలు పెట్టి గీత గీశాడు.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

సైకిల్ షాపు వెనకాల దండెం మీద ఉతికిన చొక్కా ఆరుతోంది. తెల్లగా మిగిలిన పట్టీ ఖాకీ తిరిగింది. ఖాకీ అప్పుడే మోచెయ్యి దాకా పాకింది. ఆయన అటు వీపు పెట్టి టైరుకి గాలి కొడుతున్నాడు.

"ఏమైందక్కా? మన చిట్టిది తేలిందా?" అన్నాడు నవ్వుతూ.

చిట్టి సంచీని వెనక్కి దాచుకుంది.

"తేలింది తమ్ముడూ," అంది టైలరమ్మ. "ఆ పంపు పక్కన పెట్టి, ఒక్క నిమిషం ఇలా కూర్చో."