కడగని అద్దం

దక్షిణ సముద్రపు దీవిలో, సెప్టెంబరు మొదటి సోమవారం క్యూర్‌పీప్‌లోని పూలతోట మళ్ళీ మనుషులతో నిండుతుంది. జూన్‌లో మొదలయ్యే ఇక్కడి చలికాలమంతా ఇద్దరు ముసలి తోటమాలులకి వదిలేసిన అద్దాల షెడ్లలోకి పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ముందు బూజు దులిపి, తరవాత నాచు గోకి, మధ్యమధ్యలో ఒకళ్ళ నడుంనొప్పులు ఒకళ్ళు కనుక్కుంటారు. నవంబరులో పోయినవాళ్ళ పండగకి సమాధుల మీదికి పువ్వులు కావాలి, డిసెంబరులో దొరల బల్లల మీదికి కావాలి. ఈ నాలుగు నెలలూ ఊపిరాడదు.

సింహాద్రమ్మ సుయాక్ నుంచి మొదటి బస్సులో వచ్చింది. ఆమెకి తోటలో ఇది పదో వసంతం. వయసు ఇరవై తొమ్మిది. మిగతా ఎనిమిది నెలలూ అన్నగారింట్లో బట్టలు కుడుతూ, సాయంత్రాలు భజన మందిరంలో పిల్లలకి అక్షరాలు దిద్దిస్తుంది. ఆ దిద్దించడం చూసే ఎవరో ఆమె పేరు పైకి పంపారు. తెలుగు టీచర్ల శిక్షణకి ఈ సోమవారమే పదింటికల్లా బోబాసిన్‌లో హాజరు కావాలనీ, రాకపోతే ఆ చోటు జాబితాలో తరవాతి పేరుకి వెళుతుందనీ ఉత్తరం వచ్చింది. వరసగా ఇది మూడో ఏడు. ముప్పై నిండితే నాలుగోసారి పిలవరు.

మరి తెలిసి తెలిసి తోటకెందుకొచ్చినట్టు? అద్దం కోసం.

ఆ షెడ్ల అద్దాలు మాటలు పట్టుకుంటాయి. డిసెంబరు ఆఖరి రోజున అద్దానికి దగ్గరగా ఏమన్నా సరే, అది అందులోనే ఉండిపోయి, సెప్టెంబరులో మొదటి ఎండ తగలగానే చెమ్మతోపాటు కారుతూ వినిపిస్తుంది. పనివాళ్ళ మీద సర్దార్‌గా ఉన్న ముత్తయ్య కిందటేడు దొరని తిట్టిన తిట్టు మూడో అద్దంలోంచి వినబడితే అందరూ బకెట్లలోకి చూస్తారు. ఆ తరవాత సబ్బునీళ్ళతో కడిగేస్తారు, మాటలు కాలవలోకి పోతాయి. కడగని అద్దంలో మాట నిలుస్తుంది. కాకపోతే ఏటేటా సన్నబడుతుంది, మొదటి ఎండ పూట వినేవాళ్ళు లేకపోతే ఎండిపోతుంది.

ఏడో వరస మూల అద్దాన్ని ఎనిమిదేళ్ళుగా ఎవరూ కడగలేదు. అందులో సింహాద్రమ్మ తల్లి ఉంది. నర్సమ్మ ఆ వరసలో ఇరవయ్యేళ్ళు ఆంథూరియం మొక్కలు పెంచి, ఒక జూలైలో ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయింది. నవ్వినా తిట్టినా దీవి భాష క్రియోల్‌లోనే. తెలుగు దేవుడికీ కూతురికీ మాత్రమే దాచుకున్న మనిషి. అద్దంలో మిగిలింది ఒక్క ముక్క: “అమ్మీ, తిన్నావా?”

ఆ ముక్క ఆరిపోకూడదని సింహాద్రమ్మ ఏటా డిసెంబరు ఆఖరి రోజున అద్దానికి నోరానించి, తల్లి అన్నట్టే అనేసి వెళ్ళేది. దీపంలో నూనె పోసినట్టే అనుకుంది. ఎండ తొందరగా వస్తే విని, పరిగెత్తి తొమ్మిదింటి బస్సు పట్టుకోవచ్చని కిందటి రెండేళ్ళూ అనుకుంది. రెండేళ్ళూ క్యూర్‌పీప్ మబ్బు మధ్యాహ్నం దాకా కదల్లేదు.

“వచ్చావా తల్లీ?” అన్నాడు ముత్తయ్య. “నువ్వు లేకపోతే ఆ వరస చూసేదెవరు? మీ అమ్మ చోటది. నీ తరవాత మీ అన్న కూతురు ఎలాగూ వస్తుంది.”

ఆ పిల్లకి ఇంకా ఏడేళ్ళే. సింహాద్రమ్మకి భయమేసింది. నాకు పదింటికి వేరే పనుంది మావయ్యా అని చెప్పేద్దామనుకుంది.

“చీపురెక్కడుంది మావయ్యా?” అంది.

పక్క వరసలో మిషెలిన్ నాచు గోకుతోంది. నర్సమ్మతో కలిసి పనిచేసిన మనిషి, మొహమాటం తెలియదు. “ఓట్లయిపోయాయి, రేపో మాపో దేశానికే స్వాతంత్ర్యం వస్తుందట,” అంది క్రియోల్‌లో. “మా చెల్లెలు ఓడెక్కి ఆస్ట్రేలియా పోతానంటోంది. నువ్వు బస్సెక్కి బోబాసిన్ పోలేవు.”

సింహాద్రమ్మ బూజు దులుపుతూ పైన మబ్బు వంక చూసింది.

ఈ ఏడు మాత్రం ఎనిమిదింబావుకే మబ్బు విడింది. అద్దాల మీద చెమ్మ కదిలింది. ఒక మూల ఎవరిదో నవ్వు, ఒక మూల సగం పాట. మూడో అద్దం తన అలవాటు ప్రకారం దొరని తిట్టింది. సింహాద్రమ్మ మూల అద్దానికి చెవి ఆనించింది.

“అమ్మీ,” అంది అద్దం. తరవాత దగ్గింది. తడిదగ్గు, రెండుసార్లు. “తిన్నావా?”

కిందటి డిసెంబరులో సింహాద్రమ్మకి జలుబు. మాట మధ్యలో దగ్గొచ్చి ఆగడం ఆమెకి బాగా గుర్తుంది. ఆ దగ్గు కింద, దాని వెనక, ఇంకో గొంతు ఎక్కడైనా ఉందేమోనని చెమ్మ ఆరేదాకా వెతికింది. లేదు.

“మిషెలిన్, ఇది నేను.”

“నువ్వే.”

“ఎప్పట్నుంచి?”

మిషెలిన్ గోకడం ఆపింది. “నాలుగేళ్ళో అయిదేళ్ళో. మొదట్లో ఇద్దరూ కలిసి వినబడేవాళ్ళు. తరవాత నువ్వొక్కదానివే.”

“చెప్పలేదేం?”

“ఎలా చెప్పమంటావ్? చెవి ఆనించుకుని, తిన్నానమ్మా, అనేదానివి.”

తన గొంతుకి తనే జవాబు చెప్పుకుంటూ ఇన్నేళ్ళు గడిచిపోయాయి. సిగ్గేసింది. ఆ వెనకే కోపమొచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. సింహాద్రమ్మ మిషెలిన్ బకెట్‌లోంచి గుడ్డ తీసుకుని, అద్దాన్ని పైనుంచి కిందికి, అంచుల దాకా, అందరూ కడిగినట్టే కడిగింది. నురగ కాలవలోకి పోయింది. అద్దంలోంచి అవతలి రోడ్డు కనిపించింది.

ముత్తయ్య చూశాడు. అటు తిరిగి, “తొమ్మిదింటి బస్సు ఈమధ్య ముందే వచ్చేస్తోంది,” అన్నాడు గట్టిగా, ఎవరితోనూ కానట్టు.

సింహాద్రమ్మ చేతులు కూడా తుడుచుకోలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు బాగానే ఉంది. మూడో స్టాపులో ఏడుపు మొదలైంది. నర్సమ్మని సాగనంపిన రోజున కూడా రాని ఏడుపు. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. కండక్టర్ టికెట్ల సంచీ పక్కకి తోసి వంగాడు.

“ఎవరైనా పోయారా అక్కా?”

“మా అమ్మ.”

“అయ్యో. ఎప్పుడు?”

“ఇందాకే,” అంది సింహాద్రమ్మ. “ఎనిమిదింబావుకి.”

అతను టోపీ తీశాడు. తరవాత ఎక్కడ దిగాలో మెల్లగా అడిగి, బోబాసిన్ రాగానే తనే పిలుస్తాననీ, అందాకా ఏడవమనీ చెప్పాడు.