మిక్లోష్ లేని బ్యాండు

రెండు మాటలే కదా, మంచివాడు, పియానో బాగా వాయించేవాడు, అని చెప్పి కూర్చోవచ్చు, అనుకుంటూ రూఫస్ నాంపల్లి చర్చిలో ముందు బెంచీ మీద ముడుచుకుపోయాడు, ఎదురుగా శవపేటిక, అందులో పదహారేళ్లుగా స్నేహితుడైన మిక్లోష్, పక్కనుంచి భార్య బెత్సీ మోచేత్తో పొడుస్తోంది, లే, పాస్టరయ్య చూస్తున్నడు, బ్యాండు మొదలువెట్టింది మీరిద్దరే గదా, నువ్వు గాక ఎవరు చెప్తరు, ఔ, ఇద్దరే, యాభై ఆరులో బుడాపెస్టు వీధుల్లోకి పరాయి సైన్యం ట్యాంకులొస్తే దేశం విడిచి, ఊళ్లు తిరిగి తిరిగి, యాభై ఏడులో మిక్లోష్ ఆబిడ్స్ హోటల్లో టీ వేళకు పియానో వాయించే కొలువులో కుదిరాడు, ఏడాది తిరక్కుండా మన మాట పట్టేశాడు, చర్చి బ్యాండులో డ్రమ్ము బాదే తనను పిలిచి, గట్లా కొట్టకు రూఫస్, డ్రమ్ముక్కూడ జర ఊపిరి తీస్కోనియ్యి అన్నాడు, అలా జాజ్ నేర్పాడు, తర్వాత బ్యాండులో కొత్తగా చేరిన కుర్రాడు ఆనంద్ పాల్ కరెంటు గిటారు పట్టుకొచ్చాడు, పాత సంగీతం చెడిపోతుందని భయపడతాడనుకుంటే మిక్లోష్ పకపకా నవ్వి, గిదే గావాలె నాకు అని, జాజ్‌లో రాక్ కలిపి కొత్త పాటలు కట్టాడు, కాలేజీ పిల్లలు హోటల్ మెట్లదాకా నిలబడి విన్నారు.

డెబ్బైలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానంలో కచేరీ, అంత జనాన్ని తను ఎన్నడూ చూడలేదు, మిక్లోష్ ఒక్కడే పియానో అందుకున్నప్పుడు ఆ వేలమందీ ఊపిరి బిగబట్టారు, తన చేతులు డ్రమ్ము మీద ఆగిపోయాయి, ఆనందంతో అనుకున్నాడప్పుడు, ఆనందమేనా, మరి నెల తిరక్కుండానే తనే అతణ్ని ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి, జనం కుర్రవాళ్లే గావాలంటున్నరు మిక్లోష్, పియానో వద్దంటున్నరు, ఏం జెయ్యాలె అని ఎందుకన్నాడు, మిక్లోష్ చాయ్ పూర్తిగా తాగి, ఫికర్ చెయ్యకు, బ్యాండు బతకాలె అని లేచి వెళ్లిపోయాడు, మళ్లీ వాయించడానికి రాలేదు, ఆ బ్యాండు ఆరునెలలు కూడా బతకలేదు, ఉత్త చప్పుడైపోయింది, ఆనంద్ పాల్ బొంబాయి పోయాడు, మిక్లోష్ ఆబిడ్స్‌లో ఇరుకు గదిలో పిల్లలకు పియానో పాఠాలు చెప్పుకుంటూ దగ్గు తెచ్చుకుని దవాఖాన పాలయ్యాడు, అక్కడికి బెత్సీ రోజూ గంజి మోసింది, వచ్చి చెప్పేది, రూఫస్ రాలేదా అని అడుగుతున్నడు, పోరాదూ ఒక్కసారి, తను పోయాడు, గేటుదాకా పోయి తిరిగొచ్చాడు, రెండుసార్లు.

రూఫస్ బెంచీ మీదినుంచి లేచాడు, అందరూ చూస్తున్నారు, జనం కోరికకు తలవంచిన పెద్దమనసు మిక్లోష్‌ది అని చెబుదామనే అనుకున్నాడు, నోరు తెరిచాడు, కానీ పియానో వద్దని జనంలో ఎవరన్నారు, ఒక్క పేరు చెప్పు, ఒక్క ముఖం, వెతికాడు, ఎవరూ లేరు, ఆ మైదానంలో అందరూ మిక్లోష్‌నే చూస్తుంటే చూడలేకపోయింది తనొక్కడే, వద్దన్నది తనొక్కడే.