ఎత్తడం నా పని

నేను ఒక గోల్ఫ్ కర్రను. కర్ర అన్న మాటే గాని నాలో చెక్క ముక్క ఎక్కడా లేదు. ఒళ్లంతా ఉక్కు, చేత్తో పట్టుకునే చోట నల్ల రబ్బరు తొడుగు. గోల్ఫ్ ఆడేవాళ్ల సంచిలో నాలాంటివి పదో పన్నెండో ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో నంబరు. నాది ఏడు. మరీ దూరం కొట్టాల్సినప్పుడు నన్ను తియ్యరు, బంతి చివరికి పడాల్సిన గుంట దాకా వచ్చేశాక కూడా తియ్యరు. ఆ రెండింటికీ నడుమ, నీళ్లో ఇసుకో అడ్డం ఉండి బంతి వాటి మీదుగా ఎగిరి వెళ్లాల్సి వచ్చినప్పుడు నేను గుర్తొస్తాను.

నా ముఖం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. అది పొరపాటున వంగింది కాదు. ఆ వాలు కోసమే నన్ను కొలిమిలో కాల్చారు, అచ్చులో మోదారు, కొలిచి మళ్లీ సానబట్టారు. ఈ వాలు ముఖంతో బంతిని కిందికి తాకిస్తే చాలు, అది తనంతట తాను పైకి లేస్తుంది. బంతిని ఎత్తడం నా పని. పట్టుకున్నవాడి పని కాదు. ఈ ఒక్క ముక్క ఒక మనిషి బుర్రకు ఎక్కించలేక నా జీవితంలో సగం గడిచిపోయింది.

మొదట నన్ను కొన్నవాడు సరుకుల ఓడ కెప్టెను. సముద్రం మధ్యలో గోల్ఫ్ ఎక్కడ ఆడతాడు? నెలల తరబడి అతని మంచం కింద అటూ ఇటూ దొర్లుతూ ఉండేదాన్ని. ఓడ విశాఖపట్నం రేవుకు వచ్చినప్పుడల్లా నన్ను తీసుకుని కొండ పక్కనున్న మైదానానికి పరుగెత్తేవాడు. అక్కడ అతనికి తోడు ఆడేవాడు లక్ష్మున్నాయుడు. ఓడల పనులు చూసిపెట్టే కంపెనీలో ఉద్యోగం ఆయనది. కెప్టెను సముద్రం మానేసి ఇంటికి వెళ్లిపోతూ సంచీ మొత్తం ఆయన చేతిలో పెట్టేశాడు.

లక్ష్మున్నాయుడి చేతిలో ఉన్న రోజులే నాకు మంచి రోజులు. పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. తరవాత కొత్త సంచీ కొనుక్కుని, పాతదాన్ని భార్య తమ్ముడికి ఇచ్చాడు. ఆ తమ్ముడే భానోజీరావు. ఓడరేవులో ఇంజనీరు. నా తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

భానోజీరావు చిన్నప్పుడు బిళ్లంగోడు ఆటలో వీధి మొత్తానికి పేరున్నవాడట. బిళ్ల చివర కొట్టి, గాలిలోకి లేపి, ఆనక ఒక్క దెబ్బతో ఊరి బయటకి పంపేవాడట. ఆ ఆట అతని కుడి మణికట్టులో అలాగే ఉండిపోయింది. మొదటి రోజే నన్ను గట్టిగా పిసికి పట్టుకుని, బంతి దగ్గరికి రాగానే మణికట్టు పైకి విదిలించాడు. నా అంచు బంతి నెత్తిన తగిలింది. అది పైకి లేవకుండా కుందేలులా గడ్డిలో పరుగెత్తింది.

లక్ష్మున్నాయుడు పడీ పడీ నవ్వాడు. "ఒరే భానోజీ, ఇది బిళ్లంగోడు కాదురా. నువ్వు ఎత్తకు. కర్రే ఎత్తుతాది."

"ఎత్తకపోతే ఎలా లెగుస్తాది బావా?" అన్నాడు ఇతను.

ఆ ప్రశ్నకి జవాబు నా ముఖం మీదే ఉంది. చూడలేదు. ఏళ్ల తరబడి చూడలేదు. పదిసార్లు విదిలిస్తే మూడుసార్లు బాగా తగిలేది. ఆ మూడింటినీ ఇంటికి మోసుకెళ్లి హైమావతికి వర్ణించి చెప్పేవాడు. హైమావతి అతని భార్య. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "మిగతా ఏడూ ఏమయ్యాయండీ?" అని అడిగేది. ఇంట్లో సరైన ప్రశ్న వేసే మనిషి ఆవిడ ఒక్కతే.

అంతలా పిసికి, అన్నేళ్లు విదిలిస్తే మోచెయ్యి ఊరుకుంటుందా? ఆ ఏడాది వానలు తగ్గేసరికి అతని కుడి మోచేతి లోపలి వైపు నొప్పి పట్టుకుంది. కాఫీ గ్లాసు ఎత్తినా జివ్వుమనేది. సరిగ్గా అదే ఏడాది లక్ష్మున్నాయుడి మోకాళ్లు కూడా మొరాయించాయి. ఆపరేషను తప్పదన్నారు. క్లబ్బులో చలికాలంలో జంటల కప్పు జరుగుతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒక దెబ్బ ఒకరిది, తరవాతి దెబ్బ రెండోవారిది. తక్కువ దెబ్బల్లో ముగించిన జంటది కప్పు. బావా బావమరుదులు ఏటా ఆడేవారు, ఏటా ఓడేవారు.

"ఈ కప్పు ఆడేసి మోకాళ్లు కోయించేసుకుంటానురా," అన్నాడు లక్ష్మున్నాయుడు. "ఆ తరవాత ఇంక ఆడలేను. ఇదే ఆఖరు."

 నా రబ్బరు తొడుగు మీద భానోజీరావు వేళ్లు బిగిశాయి. ఆ మాట అతనికి ఎంత తగిలిందో నాకు తెలిసింది అలాగే.

ఎముకల డాక్టరు చెయ్యి తిప్పి చూసి, నొక్కి చూసి, "నెలన్నర రెస్టు ఇవ్వండి" అన్నాడు. ఆ రెస్టు అన్న మాట మీద క్లబ్బు క్యాంటీనులో పెద్ద చర్చ జరిగింది. ఒకాయన హెర్నియా ఆపరేషనయ్యాక మూడు నెలలు మానేసి వస్తే ఆట తేనెలా సాగిందన్నాడు. ఇంకొకాయన భుజం నొప్పికి మానేస్తే ఉన్న ఆట కూడా పోయిందన్నాడు. మూడో ఆయన, మానేస్తే చెడ్డ అలవాట్లు వాటంతట అవే ఊడిపోతాయని సిద్ధాంతం చెప్పి బజ్జీలు తెప్పించాడు. ఎవరి కథలోనూ మానకముందు వాళ్ల ఆట ఎలా ఉండేదన్న సంగతి లేదు. గోడకు ఆనించిన సంచిలోంచి అంతా వింటూ ఉన్నాను. ఒక్కరైనా పట్టు గురించి మాట్లాడతారేమోనని చూశాను. బజ్జీలు అయిపోయాయి, చర్చ కూడా అయిపోయింది.

"మానేస్తే చెయ్యి మర్చిపోతాదేమోరా," అని లక్ష్మున్నాయుడి భయం.

"మర్చిపోవడమే మంచిది," అంది హైమావతి, అన్నయ్యగారికి టీ ఇస్తూ. "కప్పు నాటికి చెయ్యంటూ ఉండాలి కదా అన్నయ్యగారూ."

అలా భానోజీరావు గోల్ఫ్ మానేశాడు. అవును, గోల్ఫ్ మాత్రమే మానేశాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను సంచిలోంచి తీసి పెరట్లోకి పట్టుకెళ్లాడు. అక్కడ మునగచెట్టు ఉంది. పైకొమ్మ కాయలు నా మెడతో లాగాడు. రానివాటిని నాతో కొట్టాడు. నిక్షేపంగా కొలిచి సానబెట్టిన నా ముఖానికి మునగ జిగురు అంటుకుంది. ఆనక వసారాలో బూజు దులిపాడు. పరుపులు ఎండలో వేసి నాతోనే బాదాడు, దుమ్ము పోవాలట. ఆదివారం గది తలుపు వేసుకుని, బంతి లేకుండా, అద్దం ముందు నన్ను ఊపడం మొదలెట్టాడు. మళ్లీ అదే పిసుకుడు, అదే విదిలింపు. చప్పుడుకి హైమావతి తలుపు తోసుకుని వచ్చింది.

"రెస్టు అన్నారుగా డాక్టరుగారు?"

"రెస్టులోనే ఉన్నాను. బంతి ఏదీ? బంతి లేకుండా గోల్ఫ్ ఎలా అవుతుంది హైమా?"

"డాక్టరుగారు రెస్టు ఇమ్మన్నది చేతికండీ, బంతికి కాదు!"

ఆవిడ నన్ను అతని చేతిలోంచి లాక్కుని తీసుకుపోయి వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక పెట్టేసింది. మునక్కాయలకి దోటీ కట్టించింది. డ్రమ్ము వెనక చీకటి, ముక్కిన బియ్యం వాసన, అప్పుడప్పుడూ ఒక బొద్దింక. అయినా చెబుతున్నాను, అతని మోచేతికి విశ్రాంతి మొదలైంది ఆ రోజునే.

కొన్ని వారాలు నన్నెవరూ ముట్టుకోలేదు. గోడ అవతల అతని విసుగు వినిపించేది. టీవీ పెట్టడం, కట్టెయ్యడం. బావగారికి ఫోను చేసి, "ఎలా ఉంది మోకాలు?" అనడం. అవతల ఏం చెప్పేవాడో గాని, ఫోను పెట్టేశాక టీవీ కూడా పెట్టేవాడు కాదు.

కప్పుకి పదిహేను రోజులు ఉందనగా డాక్టరు సరేనన్నాడు. హైమావతి నన్ను బయటికి తీసి, తడిగుడ్డతో తుడిచి, తనే అతని చేతికి ఇచ్చింది. "మెల్లిగా," అంది.

ఆ రోజు ఉదయం నేనెప్పటికీ మరిచిపోను. మైదానంలో ఎర్రమట్టి దారి ఇంకా తడిగా ఉంది, సముద్రం మీంచి చల్లగాలి వస్తోంది. భానోజీరావు నన్ను పట్టుకున్నాడు. అంటే నిజంగా పట్టుకున్నాడు, పిసకలేదు. ఎక్కడ జివ్వుమంటుందోనని భయంతో వేళ్లు వదులుగా పెట్టాడు. మణికట్టు విదిలించడానికి ధైర్యం చాలలేదు. అంచేత నన్ను ఊరికే ఊపాడు, నేను బంతిని తాకాను, నా వాలు తన పని తాను చేసుకుంది. బంతి తెల్లగా లేచి, ఎత్తుగా వెళ్లి, గుంటలో పాతిన జెండా పక్కన మెత్తగా వాలింది.

"ఓరి నీ దుంప తెగ! ఇదేటిరా?" అని లక్ష్మున్నాయుడు మోకాళ్లు మరిచిపోయి గెంతబోయి, "అమ్మా" అని సంచులు మోసే బండి పట్టుకున్నాడు.

ఆ రోజంతా అలాగే తగిలింది. సాయంత్రానికి క్యాంటీనులో రెస్టు సిద్ధాంతం గెలిచింది. ఆట బాగుపడాలంటే ఆట మానెయ్యాలని తీర్మానించారు. భానోజీరావు అందరికీ బజ్జీలు తినిపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెస్టు బాగుచేసింది నీ మోచేతిని. బంతిని లేపింది నీ భయం. ఆ భయం నీ వేళ్లని వదులు చేసింది, అంతే. ఇది ఎవరికి చెప్పను? నోరుంటే ఆ రబ్బరు తొడుగు చింపుకుని అరిచేదాన్ని.

అనుకున్నంతా అయింది. రోజుకి కొంచెం నొప్పి తగ్గుతున్న కొద్దీ రోజుకి కొంచెం భయం తగ్గింది. భయం తగ్గుతున్న కొద్దీ వేళ్లు బిగిశాయి. పూర్తిగా నయమయ్యేసరికి అతను పూర్తిగా పాత భానోజీరావు అయిపోయాడు.

కప్పు రోజు వచ్చింది. ఆ రోజు లక్ష్మున్నాయుడి ఆట చూసి తీరాలి. మోకాలికి పట్టీ, నోట్లో లవంగం, ప్రతి అడుగుకీ ఒక మూలుగు. అయినా తన దెబ్బలన్నీ నిదానంగా, ఉన్నంతలో పొదుపుగా ఆడాడు. బావమరిది చెడగొట్టిన ప్రతిదాన్నీ వెనక నుంచి సర్దుకొచ్చాడు. ఎన్నడూ లేనిది, ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి అవతలి జంటతో సమానంగా ఉన్నారు.

ఆఖరి గుంటకి మొదటి దెబ్బ లక్ష్మున్నాయుడిది. బంతిని తీసుకెళ్లి నీటి మడుగు ఇవతల, చక్కటి గడ్డి మీద, బల్ల మీద పెట్టినట్టు పెట్టాడు. ఇక నీళ్ల మీదుగా జెండా దగ్గరికి చేరాలి. దూరం చూస్తే సరిగ్గా నాది. భానోజీరావు నన్ను తీశాడు.  వెనక నుంచి బావ మూలుగు వినిపించింది. ఇదే ఆఖరని అతనికి గుర్తొచ్చింది. గెలిపించి పంపాలనుకున్నాడు పాపం. ఆ ప్రేమంతా వేళ్లలోకి దిగింది. నాకు ఊపిరి ఆడలేదు.

వదులు చెయ్యి, వదులు చెయ్యి నాయనా అని నేను. ఎత్తాలి, ఎలాగైనా నీళ్లు దాటించాలి అని అతను.

విదిలించాడు. నా అంచు బంతి నెత్తిన తగిలింది. అది గడ్డిలో పరుగెత్తి, రాయి మీద ఒకసారి ఎగిరి, నీళ్లలో పడింది. అతను కుడి మోచెయ్యి ఎడంచేత్తో పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

 లక్ష్మున్నాయుడు మెల్లగా కుంటుకుంటూ వచ్చి, కొత్త బంతి గడ్డి మీద వేశాడు. ఇప్పుడు దెబ్బ ఆయనది. తన సంచీ వైపు వెళ్లలేదు. చెయ్యి చాపి, "ఆ కర్ర ఇలా ఇయ్యి," అన్నాడు.

ఎన్నాళ్లయిందో ఆ చేతుల్లోకి వెళ్లి! చర్మం ముడతలు పడింది, పట్టు మాత్రం మారలేదు. మోకాళ్లు వంగవు, నడుము తిరగదు. నన్ను ఊరికే అలా ఊపాడు. నేను బంతిని తాకాను. అది లేచింది. నీళ్లు దాటింది. జెండా పక్కన పడింది.

కాని నీళ్లలో పడ్డ బంతికి ఒక దెబ్బ అదనంగా లెక్కేశారు. ఆ ఒక్క దెబ్బ తేడాతో ఆట పోయింది. లక్ష్మున్నాయుడు నన్ను తిరిగి ఇస్తూ అన్నాడు, "చూశావా? నేనెక్కడైనా ఎత్తానేట్రా?"

భానోజీరావు తల వంచుకుని ఏడ్చాడు. ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు.

ఇది జరిగి కొంతకాలమైంది. లక్ష్మున్నాయుడికి ఆపరేషనయింది. ఇప్పుడు ఆయన ఇంటి వరండాలో వాలుకుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకుని ఉంటాడు. భానోజీరావు చేతికి పట్టీ వేసుకుని రోజూ వస్తాడు. డాక్టరు మళ్లీ రెస్టు అన్నాడు. ఈసారి హైమావతి నన్ను డ్రమ్ము వెనక పెట్టలేదు, అన్నయ్యగారింటికే పంపించేసింది. అక్కడైతే కాపలా ఉంటుందని. నేను వరండా మూల, గొడుగు పక్కన నిలబడి ఉంటున్నాను.

రోజుకి ఒక్కసారి లక్ష్మున్నాయుడు నన్ను బావమరిది చేతికి ఇస్తాడు. ఊపకూడదు. ఊరికే పట్టుకోవాలి. "వదులు. ఇంకా వదులు. దాన్ని చంపేద్దామనేట్రా? ఆఁ, అలాగ." ఎత్తడానికి బంతి లేదు, దాటించడానికి నీళ్లు లేవు. ఇన్నేళ్లకి మొదటిసారి, నొప్పి భయం వల్ల కాకుండా, చెబితే విని వదులుగా పట్టుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం ఆశ పుట్టింది.

నిన్న సాయంత్రం అలాగే పట్టుకుని కూర్చున్నాడు. లక్ష్మున్నాయుడు మోకాలు మెల్లగా మడిచి, చాపి చూసుకుని, వీధిలోకి చూస్తూ అన్నాడు, "ఈ కొత్త మోకాలు పరవాలేదురా. డాక్టరు నడవమంటున్నాడు. వచ్చే చలికాలానికి నాలుగు గుంటలైనా ఆడొచ్చట."

"నిజంగానా బావా? అంటే కప్పుకి మనం..."

మాట పూర్తి చెయ్యలేకపోయాడు. అతని గొంతు పట్టేసింది. ఆ సంతోషంలో నా గొంతు పట్టేశాడు. పది వేళ్లూ బిగించి, ఊపిరాడకుండా, బిళ్లంగోడు కర్రని పట్టుకున్నట్టు.