బాద్షా ముందు కొట్టిన కొబ్బరికాయ

భాగ్యమ్మకు మరిది కుమార్ పేరు చెబితే ఒళ్లు మంట. అందులో న్యాయమెంత, మొండితనమెంత అని అడిగితే ముందు అడిగినవాళ్లకే తిట్లు పడేవి. పెనిమిటి పోయిన ఏడాది తిరక్కుండానే కుమార్ పంపకాలు పెట్టించాడు. ఇంట్లో మిగిలినవి రెండే దక్కనీ తట్టువలు. నాలుగు తరాలుగా వేరే జాతి రక్తం కలవనీయకుండా కాపాడుకొచ్చిన పొట్టి గుర్రాలవి. ఆడది ముత్యాలు ఆమెకు వచ్చింది, మగది బాద్షా అతనికి పోయింది. జతను విడదీసి చెరొకటి పంచడం ఏం తెలివో ఆ పెద్దమనుషులకే తెలియాలి. కుమార్ బాద్షాను తోలుకొని చందానగర్ వెళ్లిపోయాడు. బోరబండ కొట్టంలో ముత్యాలు ఒక్కతే మిగిలింది.

మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్ల దగ్గర ఎదురుపడితే ఒకరు ఉమ్మి ఊసేవారు, ఒకరు మొహం తిప్పుకునేవారు. మాదాపూర్ ఫంక్షన్ హాళ్లలో పెళ్లికొడుకును గుర్రమెక్కించి ఊరేగించే బరాత్‌లన్నీ కుమార్‌కే దక్కుతున్నాయని భాగ్యమ్మ కడుపు రగిలిపోయేది. రెండు నెలల కిందట ఆ బరాత్‌లు కుదిర్చే మేనేజర్‌కు ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది.

"సార్, కుమార్ గుర్రం బీజాలు తియ్యని మగగుర్రం సార్. ఆడగుర్రం వాసనొస్తే పెండ్లికొడుకును సుత కింద పడేస్తది. జర చూసుకోండ్రి."

వాడి గిరాకీ పోవాలి, అంతే. అంతకుమించి ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

తర్వాత కొన్నాళ్లకు నాటు గుర్రాల లెక్క రాసుకునే పని మీద రోహిణి అనే పశువుల డాక్టర్ కొట్టానికి వచ్చింది. ముత్యాలు ఎత్తు కొలిచి, పళ్లు చూసి, చాలాసేపు దాని మెడ నిమిరింది.

"అచ్చమైన దక్కనీ అండి. ఈ చుట్టుపక్కల ఇలాంటి ఆడది నాకు ఇంకోటి కనిపించలేదు. కానీ వయసు మీద పడిందండి. ఇంకొక్క ఈత ఈనితే గొప్ప. పొడుగు గుర్రాలతో మాత్రం కలపకండి, జాతి పోతుంది. మీ మరిదిగారి దగ్గర మగది ఉందట కదండీ?"

"వాని గడప నేను తొక్క."

"మీ పంతం మీదండి. ముత్యాలకు మాత్రం ఇక టైం లేదు."

మరో పది రోజులకు ముత్యాలు ఎదకు వచ్చింది. మూడు రోజులు భాగ్యమ్మ కుమార్‌ను తిట్టింది, నాలుగో రోజు పొద్దున్నే పగ్గం విప్పింది. వాళ్ల ఇంట ఒక కట్టడి ఉంది. ఆడగుర్రాన్ని దాని మనిషే నడిపించుకొని పోవాలి. మగగుర్రం ముందు కొబ్బరికాయ కొట్టి అడగాలి. కాయ పగిలాక కాదనే హక్కు ఎంతటి పగవాడికైనా లేదు. ఆ ఒక్క ధైర్యంతోనే ఆమె బయలుదేరింది.

హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద కార్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచాయి. మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రవాడొకడు సెల్ఫీకి మీద మీదకు వస్తే, "నీ ఇంట్ల ఆడోళ్లతోని దిగు ఫోటో, పో!" అని కసిరింది. కొండాపూర్ దాటేసరికి చెప్పు తెగింది. వట్టికాళ్లతోనే నడిచింది.

కుమార్ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. లేవలేదు.

"ఏంది వదినె, తొవ్వ తప్పినవా?"

"ముత్యాలు ఎదకొచ్చింది. కాయ కొట్టనీకొచ్చిన."

అతను ఆమె కాళ్ల వంక చూసి, చెయ్యి చాపి బాద్షాను చూపించాడు. "కొట్టు."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. బాద్షా ముందు వంగి, రాయికేసి కాయ కొట్టింది. కాయ సమంగా రెండు చెక్కలైంది. మూడేళ్లలో మొదటిసారి ఆమె గుండె తేలికపడింది.

అప్పుడు లేచాడు కుమార్. బాద్షాను పక్కకు తిప్పి తోక ఎత్తి పట్టాడు. తొడల మధ్య మానిన కోత గుర్తు.

"నెల రోజులాయె బీజాలు తీయించి."

భాగ్యమ్మ అతని మీదకు ఒక అడుగు వేసింది. "కాయ కొట్టేదాంక ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు నా వాకిట్ల తల వంచుతుంటే చూడాలనుండె."

"నువ్వు మనిషివేనా! మీ తాతల జాతిరా అది! దాని ఉసురు తగులుతది నీకు!"

"నాకా?" కుమార్ జేబులోంచి ఫోన్ తీశాడు. "బీజాలు తీపియ్యకుంటే ఇగ బరాత్‌లకు రావద్దన్నడు మేనేజర్. ఎవడు చెప్పిండో అప్పుడు తెల్వలే. మొన్న ఇది పంపిండు. ఇను."

ఫోన్‌లో భాగ్యమ్మ గొంతు తీయగా పలికింది. 'జర చూసుకోండ్రి' అన్న మాట దగ్గర కుమార్ ఆపి, మళ్లీ మొదటినుంచి పెట్టాడు. తన గొంతు విని ఆమెకు తన మీదే అసహ్యం పుట్టింది.

బాద్షా కొబ్బరి చెక్క వాసన చూసి తీరిగ్గా కొరుకుతోంది. ఎద మీదున్న ముత్యాలు తోక పక్కకు పెట్టి, దాని వైపే నిలబడి ఉంది.

"నడువే, పోదాం," అంటూ భాగ్యమ్మ పగ్గం లాగింది. ముత్యాలు కదల్లేదు.