ఇస్మెనీ ఇంటి కప్పు

తుఫాను వెళ్లిపోయి రెండేళ్లయింది. కరీబియన్ దీవి డొమినికాలోని ఆ కొండవాలు ఊళ్లో అందరి ఇళ్లకూ కప్పులు లేచాయి, ఇస్మెనీ ఇంటికి తప్ప. ఆమె ఇంకా నీలం టార్పాలిన్ కిందే కాపురముంటోంది.

ఊరిని మళ్లీ నిలబెట్టే సంఘంలో పనిచేసే జెర్వైస్‌కి అది కంట్లో నలుసైంది. రేకులున్నాయి, దూలాలున్నాయి, సుత్తి పట్టే చేతులున్నాయి. లేనిదల్లా పిలుపు. ఆ ఊరి పద్ధతి కూద్‌మెన్: ఇంటివాళ్లు శంఖం ఊది పిలవాలి, ఇరుగుపొరుగు వచ్చి కూలి లేకుండా పని చేయాలి, ఇంటివాళ్లు కడుపునిండా పెట్టాలి. పిలవని ఇంటికి ఎవరూ మేకు కొట్టరు. పెట్టలేని మనిషి పిలవదు. ఇస్మెనీ తోటనేమో తుఫాను గట్లతో సహా ఊడ్చుకుపోయింది.

"భోజనాలు నేను తెప్పిస్తానత్తా, డబ్బాల్లో," అన్నాడు జెర్వైస్.

"బాగుందిరా! రేపు నా దినానిక్కూడా డబ్బాలే తెప్పిస్తావా?" అని నవ్వింది ఇస్మెనీ. "చేమ వేశాను. క్రిస్మస్‌కి దుంప ఊరుద్ది. అప్పుడు పిలుస్తాలే."

"అందాకా గాలివాన ఆగుద్దా? ఈసారి ఆ గుడ్డతోపాటు నువ్వూ ఎగిరిపోతావ్."

"ఎగిరితే పైన ఏముందో చూసొస్తా."

అతను వదల్లేదు. వారం వారం వెళ్లి పోరు పెట్టాడు. మనసు మంచిదే, కానీ మంచి మనసుకి తొందరెక్కువ.

ఆగస్టులో ఓ ఉదయం ఇస్మెనీ ఇంటి నుంచి శంఖం మోగింది. జెర్వైస్ తాగుతున్న కాఫీ వదిలేసి పరుగెత్తాడు. అప్పటికే ముసలి వడ్రంగి ఓగిస్త్ దూలమెక్కి కూర్చుని కిందివాళ్లని తిట్టిపోస్తున్నాడు. పొద్దు వాలేసరికి రేకులు బిగిశాయి. జెర్వైస్ గుండెల మీంచి బరువు దిగింది.

ఇస్మెనీ కుండ దించి వడ్డించింది. చేమదుంపలు, ఎండుచేపల పులుసు. దుంపలు బొటనవేలంతే ఉన్నాయి. ఒకటి నోట్లో పెట్టుకోగానే జెర్వైస్‌కి గొంతు దురదెత్తింది. లేచి ఇంటి వెనక్కి చూశాడు. మడి మొత్తం తవ్వేసి ఉంది. ఒక్క మొక్క మిగల్లేదు.

"అత్తా, ఇంకా ఊరలేదు కదా!"

"గాలివాన ఆగదన్నావుగా. తిను."

అతనికి సిగ్గేసింది. అయినా తిన్నాడు, పళ్లెంలో వదిలేస్తే అది ఆమెకి ఇంకో అవమానం. మిగతావాళ్లూ తలొంచుకుని తిన్నారు.

ఓగిస్త్ చేయి కడుక్కుని, "రేపు మేమంతా పిలకలు తెచ్చి నీ మడి నాటేస్తాం, ఇస్మెనీ. నువ్వు శంఖం ఊదు చాలు," అన్నాడు.

ఇస్మెనీ ఖాళీ కుండని బోర్లించింది.

"ఊదుతా. వచ్చినోళ్లకి ఏం పెట్టను?"

ఆ కప్పు వేయించింది తనే, ఆ మడి తవ్వించిందీ తనేనని జెర్వైస్‌కి అప్పుడు తెలిసింది.