ఎడమచేతి గాటు

కాశింవలి గోనె కుట్టు విప్పుతున్నాడు. కత్తితో కోసి పారేస్తే చిటికెలో అయ్యే పని. కానీ ముప్పై ఏళ్లకు పైగా అతను ఒక్క గోనెనూ కోయలేదు. దబ్బనంతో ముడి పైకి లేపి, దారం కొస పట్టుకుని, ఒక్కొక్క కుట్టే లాగుతాడు. లాగిన దారాన్ని బొటనవేలికి చుట్టి, ఉండ చేసి చూరులో దోపుతాడు. యుద్ధం రోజుల్లో పురికొస దొరకనప్పుడు ఏకాంబరం చెట్టి కొట్టు ఆ ఉండలతోనే గడిచింది.

తిరుపతిలో రైలు స్టేషన్‌కు పోయే వీధిలో ఉంది కొట్టు. పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే ముందుభాగం చెట్టిది. వెనక రేకుల సావిడి కాశింవలిది. బయటి దేశాల నుంచి వచ్చే సాంబ్రాణిని అక్కడ గోనెపట్ట మీద పోసి, అంటుకున్న బెరడు గీకి, తెల్లటి పలుకులు ఒక తట్టలో, ఎర్రటివి ఒక తట్టలో వేసి, పొడిని చేటలో జల్లించడం అతని పని. పలుకులు పూజలకు పోయేవి. పొడి, అంగళ్లలో పొగవేసే ఫకీర్లకు పోయేది.

అతను పొట్టి మనిషి. దవడలు వెడల్పు, కళ్లు చిన్నవి, నవ్వితే అవీ కనబడవు. గడ్డం పెంచాలని ఎంత తాపత్రయపడినా పదీపన్నెండు వెంట్రుకలకు మించి రాలేదు. వేళ్ల కొసలు బంకతో నల్లబడి, ఏ సబ్బుకీ లొంగకుండా పోయాయి. ఈ నాలుగేళ్లుగా ఊపిరి తీస్తే ఛాతీలోంచి సన్నగా ఈల వచ్చేది. సావిడిలో మనిషి ఉన్నాడో లేడో చూడనక్కర్లేదు, చెట్టి గల్లాపెట్టె దగ్గర కూర్చునే వినగలడు.

ఊరు అతన్ని మలై సాయిబు అనేది. అతను మలయావాడు కాడు. సుమత్రా దీవి కొండల్లో ఉండే పాక్‌పాక్ జనంలో పుట్టినవాడు. వచ్చిన కొత్తలో ఎవరు మలై అన్నా దిద్దేవాడు. దిద్దడం మొదలుపెడితే చాలా దూరం పోవాల్సి వచ్చేది.

“మాలో ఐదు సీమలుండాయి సెట్టిగారూ. సింసిం, కెప్పాస్, పెగగాన్, కెలాసెన్, బోవాంగ్. అందరం పాక్‌పాకోళ్లమే. అయినా ఒకరి మాటకి ఒకరు నవ్వుకుంటారు.”

“మాకూ అంతే లేప్పా” అన్నాడు చెట్టి. “పుత్తూరోడు నోరు తెరిస్తే పాకాలోడు నవ్వతాడు.”

తర్వాత కాశింవలి దిద్దడం మానేశాడు. మలై అంటే మలై. పిలిస్తే పలకడమే కదా కావలసింది.

అతను ఉర్దూ నేర్చుకోబోయి తెలుగు నేర్చుకున్నాడు. పెళ్లాం రంజాన్‌బీకి రెండూ వచ్చు. అతని నోట్లో ఉర్దూ నలిగిపోవడం చూసి జాలిపడి, పెళ్లయిన నెలలోపే తెలుగులోకి దిగింది. ఇరవై ఏడేళ్ల కాపురం తెలుగులోనే సాగింది. ఒక్క కూతురు మెహరాజ్‌ను వడమాలపేటలో ఇచ్చారు.

యుద్ధం వచ్చి జపానువాళ్లు సుమత్రాను పట్టుకున్నాక సాంబ్రాణి రావడం ఆగిపోయింది. చెట్టి గుగ్గిలం తెప్పించాడు. గుగ్గిలం ఏరడానికి కాశింవలి ఎందుకు, జల్లెడ ఉంటే చాలు. ఆ దుమ్ము ఇంక పనికిరాదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. మా ఇంటికొచ్చి ఉండమని కూతురు చెప్పింది. రంజాన్‌బీ అయితే చెప్పని రోజు లేదు.

“సుమత్రా మూట రానీ. వచ్చినాక మానేస్తా” అనేవాడు అందరితో.

పనిపిచ్చి అనుకున్నారు. మనిషిని యాభై ఐదేళ్ల వయసులో దుమ్ములో కూర్చోబెట్టింది పని కాదు. ఒక మనిషి బతికి ఉన్నాడో లేడో తెలుసుకోవాలన్న ఆశ. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

సాంబ్రాణి చెట్టుకు కత్తితో గాటు పెడితే పాలు కారి గడ్డకడుతుంది. నెలల తర్వాత వెళ్లి దాన్ని బెరడుతో సహా ఊడదీస్తారు. ఆ బెరడు ముక్క మీద గాటు సగం మిగిలే ఉంటుంది. అందరి గాట్లూ ఒకవైపే ఒరుగుతాయి, ఎందుకంటే అందరివీ కుడిచేతులు. సుమత్రాలో ఉన్న కాశింవలి అన్నకు మాత్రం ఎడమచేతి వాటం. అతని గాటు రెండోవైపుకు ఒరుగుతుంది. పైగా వాళ్ల ఇంట్లో గాటు పక్కన గోరంత పొడవున రెండు గీతలు పెట్టడం అలవాటు. ఈ చెట్టు మాది అని చెప్పడానికి.

వాళ్ల కొండ సరుకు కొనేది ఒక్క నాగూరు వర్తకుడే. అతని దగ్గర కొనేది చెట్టి తండ్రి. అందువల్ల తిరుపతిలో పని మొదలుపెట్టిన రెండో ఏడే, ఒక గోనెలో, రెండు గీతలూ ఎడమవైపు ఒరిగిన గాటూ ఉన్న బెరడు కాశింవలి చేతికి వచ్చింది. ఆ రోజు అతను అన్నం తినలేదు. ఆ తర్వాత ఏటా ఒకసారో రెండుసార్లో వచ్చేది. అన్న ఈ ఏడూ చెట్టెక్కాడు. అన్న బాగున్నాడు. అంతే జాబు. తమ్ముడు ఎక్కడున్నాడో అన్నకు మాత్రం తెలియదు.

తెలియజేసే మొహం అతనికి లేదు. వాళ్లది సింసిం సీమ, కొండ మీద. ఇరవై రెండేళ్ల వయసులో సాంబ్రాణి బుట్టలు మోసుకుంటూ కిందికి, నది ఒడ్డున బోవాంగ్ సీమకు దిగాడు. అక్కడివాళ్లు ముసల్మానులు. నాగూరు వర్తకుడి గిడ్డంగిలో పని దొరికింది, కలిమా చదివాడు, కాశింవలి అయ్యాడు. వర్తకుడి సరుకుతో ఓడ ఎక్కబోయే ముందు చెప్పిపోదామని కొండెక్కి ఇంటికెళ్లాడు. కులం వాళ్లు ముఖం తిప్పుకున్నారు. నదికి దిగినవాడు మనవాడు కాదన్నారు. అన్న మాత్రం ముఖం తిప్పుకోలేదు. కోడిని కోసి పెల్లెంగ్ వండాడు.

ప్రయాణం పోయేవాడికీ, కష్టమైన పనికి నడుం కట్టేవాడికీ పాక్‌పాక్ ఇళ్లలో పెట్టే అన్నం అది. తినిపోతే తిరిగొస్తాడని నమ్మకం. అన్న ముద్ద చేసి ముందు పెట్టాడు. కాశింవలి కోడి వైపు చూశాడు. బిస్మిల్లా అనకుండా కోసిన కోడి. కొత్త మతం, కొత్త నిష్ఠ. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలాంటిది. తిననన్నాడు. కోడి తీసేసి అన్నమైనా పెట్టమని అడగవచ్చునని అతనికి ఆ వేళ తోచనే లేదు. అన్న ఎడమచేత్తో ఆకు ఎత్తుకుని లోపలికి పోయాడు.

ఇది జరిగి ముప్పై మూడేళ్లు. ఆ తర్వాత వయసు వచ్చింది, బుద్ధి వచ్చింది, దేవుడు అంత పట్టుదల మనిషి కాడని కూడా తోచింది. కొండ మాత్రం సముద్రం అవతలే ఉండిపోయింది.

యుద్ధం ఆగిన మరుసటి ఏడు, మాఘమాసపు చలిలో, మద్రాసు నుంచి రేణిగుంట మీదుగా రెండు గోనెలు వచ్చాయి. నిన్న సాయంత్రం దిగాయి. ఈ పొద్దున కాశింవలి మొదటిది పోసి చూశాడు. మంచి సరుకే, తమ కొండది కాదు. ఇప్పుడు విప్పుతున్నది రెండోది.

కుప్ప పోసి, పిడికెడు తీసి, వెలుగుకు పట్టుకున్నాడు. నాలుగో పిడికిట్లో రెండు గీతలు కనిపించాయి.

అతని చేయి ఆగింది. పైబంక గోటితో గీకి గాటు చూశాడు. కుడివాటం. అంతేకాదు, లోతు లేదు. కత్తి రెండుసార్లు జారింది. చేయి తిరగనివాడి పని.

బెరడు పక్కన పెట్టి ఇంకొకటి వెతికాడు. ఇంకొకటి. అన్నకు జబ్బు చేసి ఉండవచ్చు, కొడుకు పుట్టి ఉంటే ఒకటి రెండు చెట్లు వాడికి ఇచ్చి ఉండవచ్చు అనుకున్నాడు. అనుకుంటున్నంతసేపూ అది అబద్ధమని తెలుసు. వాళ్ల ఇంటి ఆచారం అతనికి తెలియనిదా. ఎంత ముసలివాడైనా, నలుగురు మోసుకెళ్లి చెట్టు కింద నిలబెట్టినా, మొదటి గాటు తండ్రే పెట్టాలి. కొడుకు ఆ గాటు పక్కనే తనది పెడతాడు. తండ్రి గాటు లేకుండా కొడుకు గాటు ఉందంటే తండ్రి లేనట్టే.

పదకొండు గంటలకు కుప్ప అడుగు కనబడింది. రెండు గీతల బెరళ్లు పదిహేడు దొరికాయి. ఒక్కటీ ఎడమవాటం లేదు.

చెట్టి సావిడిలోకి తొంగిచూశాడు. “ఎట్లుండాది సాయిబూ సరుకు?”

“మంచి సరుకే సెట్టిగారూ. చెట్లు బాగుండాయి.”

“మరి మొగం అట్ల పెట్టుకున్యావేమి?”

“మా అన్న సచ్చిపోయినాడు.”

చెట్టి లోపలికొచ్చాడు. “జాబొచ్చిందా?” అన్నాడు.

“వచ్చింది.”

ఆ పొద్దున టపా మనిషి ఆ వీధికే రాలేదని చెట్టికి తెలుసు. అయినా ఇంకేమీ అడగలేదు. ఇంటికి పొమ్మన్నాడు.

“పోయొస్తా. కుప్ప అట్లే ఉండనీండి, మద్దేనం వచ్చి నేనే ఏరతా.”

ఇల్లు రెండు సందుల అవతల. రంజాన్‌బీ రేషన్ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మనిషికి ఇన్నని తూచి ఇచ్చే బియ్యం. కూతురొస్తే వండాలని అందులోనే రోజూ గుప్పెడు తీసి కుండలో దాస్తోంది. ఆ కుండ దించమన్నాడు మొగుడు. పెరట్లో గుడ్లు పెట్టే పెట్టను పట్టుకుని, బిస్మిల్లా అని తానే కోశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఆ పెట్ట అంటే ఆమెకు ప్రాణం.

“అన్నం బాగా మెత్తగా ఉడకల్ల. పసుపూ మిరపకాయా నూరి దాంట్లోనే ఏసి మెదపల్ల. పైన కోడి” అని చెప్పాడు.

“ఇదేం వంటయ్యా? బిర్యానీ కాదు, కిచిడీ కాదు.”

“మా ఊర్లో ప్రయాణం పోయేటోళ్లకు పెడతారు.”

“ఎవురు పోతాండారు?”

“మా అన్న.”

రంజాన్‌బీ నూరడం ఆపింది. “నీకు అన్న ఉండాడా?”

“ఉండె.”

“ఇరవై ఏడేండ్లయ్యె మన పెండ్లయ్యి. ఒక్కనాడన్నా చెప్పితివా?”

అతను పొయ్యిలోకి పుల్ల ఎగదోశాడు. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ నూరింది. ఆ కన్నీళ్లు పెట్ట కోసమో, కనబడని బావ కోసమో, దాచిపెట్టిన మొగుడి కోసమో ఆమెకే తెలియలేదు. కోపం మాత్రం రాలేదు.

పెరటి అరటిచెట్టు నుంచి రెండు ఆకులు కోసి కాశింవలి గోడవారగా పరిచాడు. పెద్ద ముద్ద చేసి మొదటి ఆకులో పెట్టాడు, దాని మీద కోడి తొడ. పక్కన గ్లాసుతో నీళ్లు. రెండో ఆకులో తనకు. పెద్దవాడు తినకముందే చిన్నవాడు చేయి పెట్టకూడదు. అందుకని కొంచెంసేపు ఆగాడు. ఆ తర్వాత తిన్నాడు. మిరపకారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. కారానికే కాదు, ఏడుపుకు కూడా వచ్చాయి. తుడుచుకోకుండా తిన్నాడు, మెతుకు మిగల్చకుండా తిన్నాడు, ఆకు వేలితో ఊడ్చి నాకాడు.

“బాగుండాదా?” అంది రంజాన్‌బీ.

“ఉప్పు తక్కువ. మా అన్న చేసినట్లే ఉండాది.”

అన్న చేసింది అతనెప్పుడూ రుచి చూడలేదని ఆమెకు తెలియదు. చేయి కడుక్కుని చెప్పులేసుకున్నాడు.

“ఆ ఆకు తీయొద్దు. పొద్దు గూకేదాకా ఉండనీ. దూరం నుంచి రావల్ల గదా.”

“రేపట్నుంచి పనికి పోవు గదా?”

“పోను. మూటొచ్చె గదా.”

సావిడిలో కుప్ప ముందు కూర్చుని మిగిలిన సరుకు ఏరాడు. కొడుకు గాట్లున్న పదిహేడు బెరళ్లనూ చెత్తలో పారేయలేదు, దాచుకోనూ లేదు. తక్కినవాటితో కలిపి పొయ్యిలోకి పోయే గంపలో వేశాడు. చేయి తిరగడానికి కుర్రాడికి ఇంకో రెండేళ్లు పడుతుందనుకున్నాడు. తెల్లపలుకుల తట్ట నిండింది. ఎర్రపలుకుల తట్ట సగమైంది.

మూడున్నర ప్రాంతంలో చెట్టి గల్లాపెట్టె దగ్గర తలెత్తాడు. ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. సావిడిలోంచి ఈల రావడం లేదు. లోపలికి వెళ్లి చూస్తే కాశింవలి ఖాళీ గోనెల దొంతికి ఆనుకుని ఉన్నాడు. చేట ఒళ్లో ఉంది. అందులో పొడి ఒలకలేదు.

నలుగురు కలిసి మంచం మీద ఇంటికి తెచ్చారు. వడమాలపేటకు మనిషిని పంపారు. వాకిట్లో జనం చేరారు. స్నానం చేయించడానికి చోటు చేయాలని ఒక ముసలామె గోడవారనున్న ఆకు ఎత్తబోయింది. అంతవరకూ కదలకుండా కూర్చున్న రంజాన్‌బీ చేయి అడ్డం పెట్టింది.

“ఉండనీమ్మా. ఇంకా పొద్దు గూకలేదు.”

స్నానం మంచం అవతలికి జరిపి వేశారు. ఎండ గోడ మీదికి ఎక్కింది. ఆకు అంచులు వడలి లోపలికి ముడుచుకున్నాయి. పసుపు ముద్ద పైపొర ఎండి సన్నగా పగిలింది. దాని పక్కన గ్లాసులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.