మాంసం కొట్టు ట్యూబ్‌లైట్లు

రొయ్యల తల మీద ఉండే ముల్లును కత్తెరతో తుంచుతున్నాం, నాయనమ్మా నేనూ. తుంచకుండా వేస్తే చేప గొంతులో గుచ్చుకుంటుంది. బతికున్న రొయ్య చేతిలో టపటపా కొట్టుకుంటుంది కాబట్టి నడుం దగ్గర పట్టుకుని ఒక్క నొక్కుకి తీసేయాలి. నాయనమ్మ చూడకుండానే తీసేస్తుంది. ఆమె చూపంతా గోడవార ఉన్న చేపల తొట్టి మీదే.

ఆ తొట్టిలో ఉన్నది ఒకే ఒక్క చేప. డ్రాగన్ చేప అంటాం. నా మోచేతి నుంచి వేలి చివరదాకా కొలిచినా దానికి చాలదు. చూపుడు వేలంత ఉన్నప్పుడు నాయనమ్మ తెచ్చుకుంది, ఆల్చిప్పలు ఒలిచి తాను సంపాదించుకున్న దానితో. మూతికి మీసాలు, ఒళ్ళంతా పెద్ద పెద్ద పొలుసులు. తొట్టి మూతలో ఉన్న గులాబీ రంగు ట్యూబ్‌లైట్ల కింద ఆ పొలుసులు నిప్పుల్లా మెరిసేవి.

కిందటి వారం ఒక ట్యూబు పోయింది. రెండోది చివర్లు నల్లబడి, మినుకుమినుకుమంటూ ఈడ్చి, నిన్న పోయింది. బాబాయి వెంటనే తెల్లటి ఎల్‌ఈడీ పట్టీ తెచ్చి అతికించాడు. అది భగ్గున వెలగగానే చేప ఎగిరి మూతకు కొట్టుకుంది. ఒక పొలుసు ఊడి అడుగున పడింది. అప్పటినుంచి అది మూలకు పోయి తల దించుకుని ఉంది. రొయ్య పక్కనుంచి ఈదుకుంటూ పోయినా చూడటం లేదు.

"తినవే తల్లీ," అంది నాయనమ్మ గాజు మీద వేలితో తడుతూ. "ఆ లైటు కింద చెరువులో పాలబొంత చేపలా పాలిపోయింది. చూస్తే నాకే భయమేస్తోంది, దానికి వెయ్యదా?"

బాబాయి సోఫాలో కూర్చుని సాక్సులు వేసుకుంటున్నాడు. "కాలం మారిందమ్మా. ఆ ట్యూబులు ఇప్పుడు ఎవడూ చెయ్యడం లేదు."

"చెయ్యకపోతే పోనీ. ఇంతకుముందు చేసినవన్నీ ఏమయ్యాయి? ఎవడైనా తినేశాడా?"

"సరే, వెతికించు. నేనేమైనా వద్దన్నానా? దేవుళ్ళు పైకి వెళ్ళే రోజున ఖో బాస్ వస్తున్నాడు. ఆయన వచ్చేసరికి చేప ఎర్రగా ఉండాలి."

నాయనమ్మ చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. "ఎందుకు వస్తున్నాడు?"

అప్పుడు చెప్పాడు. ఖో బాస్ తైచుంగ్ నగరంలో పెద్ద హోటల్ తెరుస్తున్నాడు. గుమ్మంలో ఎర్ర డ్రాగన్ చేప ఉండాలని ఆయన పట్టు. బాబాయి ఫోన్లో మా చేప ఫోటో చూపించాడు, గులాబీ లైటు కింద తీసింది. బాస్‌కి నచ్చింది. చేప అటు వెళితే, ఆ హోటలుకి కావలసిన ఆల్చిప్పలన్నీ బాబాయి చెరువుల నుంచే వెళతాయి. ఏడాది పొడుగునా బరువైన సామాను కదపని మా ఇళ్ళలో, కొత్త సంవత్సరం పండుగకి ముందు ఇంటి దేవుళ్ళు స్వర్గానికి, పైకి వెళ్ళాక మాత్రం ఏదైనా కదపొచ్చు. అందుకే ఆ రోజు.

"మాట ఇచ్చేశాను," అన్నాడు.

"నా చేపకి నువ్వెవడివిరా మాట ఇవ్వడానికి?"

"నీ చేప ఉన్నది నా ఇంట్లో. అయినా, ఆయన వచ్చి టీ తాగుతుంటే ఆయన ఎదురుగా ఇవ్వనంటావా? అను, చూద్దాం."

అనదని బాబాయికి తెలుసు. పరాయివాళ్ళ ముందు కొడుకు పరువు తీయడం నాయనమ్మ వల్ల కాని పని. ఆమె కత్తెర కింద పెట్టేసి చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"యూన్-షీ," అన్నాడు బాబాయి నా వైపు తిరిగి, "స్కూటర్ వేసుకుని టౌనుకి వెళ్ళు. ఎక్కడున్నా సరే ఆ ట్యూబులు పట్టుకురా."

"ఆఁ, వెళ్ళవే," అంది నాయనమ్మ కూడా. "అది పస్తుంటోంది."

ఇద్దరూ ఒకే పనికి పంపారు. ఒకరు చేప తినాలని, ఒకరు అది అమ్ముడుపోవాలని.

*

టౌనులో పెంపుడు చేపల దుకాణం అతను నేను తెచ్చిన మాడిపోయిన ట్యూబును రెండు చేతులతో అందుకుని, పక్కనున్న స్నేహితుడికి చూపించాడు. "చూడరా, మ్యూజియం నుంచి వచ్చింది." ఇద్దరూ నవ్వారు. "చెల్లీ, నాలుగడుగుల గులాబీ ట్యూబు కావాలంటే మా నాన్న కుర్రాడిగా ఉన్నప్పుడు రావలసింది. ఇదిగో ఎల్‌ఈడీ. రిమోటు కూడా ఇస్తాను, ఏడు రంగులు మారుతుంది."

"గులాబీది ఉందా, లేదా?"

"లేదు."

కరెంటు సామాన్ల కొట్టులో పెద్దావిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "వీధి దీపాలే మార్చేశారు, చేపకెందుకమ్మా పాతది?" అంది. కానీ సొరుగంతా వెతికి దుమ్ము పట్టిన స్టార్టర్లు తీసి నా చేతిలో పోసింది. "ఇవి ఎవరూ అడగరు, తీసుకుపో. ట్యూబులు మాత్రం మా దగ్గర ఉండవు."

మధ్యాహ్నం బజారు మూసే వేళయింది. స్కూటర్ నడిపించుకుంటూ లోపలి సందులోంచి పోతున్నాను. పంది మాంసం కొట్ల దగ్గర ఏదో తేడాగా అనిపించి ఆగాను. చిన్నప్పుడు నాయనమ్మ వేలు పట్టుకుని వచ్చినప్పుడు, ఇక్కడ మాంసమంతా మా చేప రంగులోనే ఉండేది. ఇప్పుడు బండల మీద మామూలు తెల్ల వెలుగు. మాంసం బూడిద రంగులో ఉంది.

షుయ్-లియెన్ అత్త బండ కడుగుతోంది. ఆమె దగ్గరే మేము ఎప్పుడూ కొంటాం.

"అత్తా, ఇక్కడ పైన గులాబీ లైట్లు ఉండేవి కదా?"

"ఉండేవి. ఇంటికెళ్ళి సంచి విప్పితే రంగు మారిపోతోందని ఆడవాళ్ళు గోల చేశారు. బజారు కమిటీవాళ్ళు వచ్చి తీసేయమన్నారు." ఆమె బకెట్ నీళ్ళు గుమ్మరించింది. "తీసేసిన రోజు చూడాలి నువ్వు! అదే పంది, అదే కత్తి, అదే నేను. వచ్చినవాళ్ళు బండ దాకా వచ్చి, ఒకసారి చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు. నిన్నటిదాకా నా చేతి మాంసం తప్ప తినమన్నవాళ్ళు!"

"ఆ ట్యూబులు పారేశారా?"

"పారేస్తానా? వెనక ఉన్నాయి. నీకెందుకే? నువ్వూ కొట్టు పెడతావా?"

"చేపకి."

ఆమె పడీ పడీ నవ్వింది. "నా పందికి మేకప్ తీసేయించి మీ చేపకి వేస్తారా! సరే, తీసుకుపో. పండుగకి మీ ఆల్చిప్పలు మంచివి ఏరి పంపించమను మీ నాయనమ్మని."

ట్యూబులకి పాత వార్తాపత్రిక చుట్టి ఇచ్చింది. స్కూటర్ మీద కాళ్ళ మధ్య నిలబెడితే నా భుజం దాటి పైకి వచ్చాయి. దారి పొడుగునా ఆమె మాటే చెవుల్లో ఉంది. బండ దాకా వచ్చి, ఒకసారి చూసి, వెళ్ళిపోయారు.

ఊరి మొగలో పండుగ చెరకు అమ్ముతున్నారు, వేళ్ళతో ఆకులతో సహా. ప్రతి ఏడూ తలుపు వెనక రెండు గడలు నిలబెడతాం. రెండు గడలు కొని, మధ్యలో ఆ వార్తాపత్రిక కట్టను కూడా పెట్టి బిగించి కట్టమన్నాను. అమ్మేవాడు నన్ను వింతగా చూశాడు కానీ కట్టాడు.

గుమ్మంలోనే బాబాయి ఎదురయ్యాడు. "దొరికాయా?"

"లేదు."

"ఎక్కడా?"

"చేపల దుకాణంలో లేవు. కరెంటు కొట్టులో లేవు."

"నేను చెప్పలేదా!" అని చెరకు గడను తట్టాడు. "ఇది మాత్రం నిటారుగా ఉంది. బాగుంది." తనే తలుపు వెనక నిలబెట్టాడు కూడా.

అతను వెళ్ళాక నాయనమ్మ తలుపు వెనక్కి వెళ్ళింది. వేలితో వార్తాపత్రిక నొక్కి చూసింది.

"చెరకుకి కాగితం ఎందుకే?"

"ఎండ తగలకుండా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత మూల ఉన్న చేపను చూసింది. "మంచిపని చేశావు," అంది. "ఎవర్నీ ముట్టుకోనివ్వకు." చేపతో మాత్రం, "ఇంకొంచెం ఓర్చుకోవే" అంది.

*

దేవుళ్ళు పైకి వెళ్ళే రోజు పొద్దున్నే నాయనమ్మ మందిరం ముందు తీపి ఉండలు పెట్టింది. అవి తిని వాళ్ళు పైన మా గురించి తీపి మాటలే చెప్పాలి. పూజ కాగితాలు కాల్చి, పొగ పైకి లేచాక, "మీరు బయలుదేరండి. ఇక్కడి సంగతి మేము చూసుకుంటాం," అంది.

ఖో బాస్ చేతికి చందనం పూసల దండ వేసుకుని వచ్చాడు. కూర్చోకుండానే తొట్టి దగ్గరకు వెళ్ళాడు. ఫోన్లో బాబాయి పంపిన ఫోటో తెరిచాడు, తొట్టిలోకి చూశాడు, మళ్ళీ ఫోన్లోకి చూశాడు.

"ఇదేనా?"

"ఇదే బాస్," అన్నాడు బాబాయి. "లైటు మార్చాం, అందుకే అలా ఉంది. దీనికి వేరే లైటు ఉంటుంది. దాని కింద ఎర్రగా..."

"అంటే ఎర్రగా ఉండేది లైటన్నమాట."

"టీ తీసుకోండి బాస్," అంది నాయనమ్మ రెండు చేతులతో కప్పు అందిస్తూ. "ముసలిది. తిండి మానేసింది. కన్ను కూడా కిందికి జారింది, చూడండి. మీలాంటివాళ్ళు తీసుకెళ్ళి చూసుకుంటామంటే అంతకన్నా ఏం కావాలి?"

బాబాయి ఆమెను చూసిన చూపుకి నేను పల్లీల పళ్ళెం సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"హోటలు గుమ్మంలో తెల్ల చేపను పెడితే లోపల ఎవరో పోయారనుకుంటారు," అన్నాడు బాస్. టీ ఒక్క గుక్క తాగి కప్పు పెట్టేశాడు. "ఆల్చిప్పల సంగతి పండుగయ్యాక మాట్లాడదాం." బాబాయి కారు దాకా వెంట వెళ్ళాడు. కారు తలుపు వేసిన చప్పుడు గట్టిగా వినిపించింది.

"చెరకు తీసుకురావే," అంది నాయనమ్మ.

కాగితం విప్పాను. పట్టీ పీకేసి, ట్యూబులు మూతలో తిప్పి బిగించి, స్టార్టర్లు పెట్టి స్విచ్ వేశాను. ట్యూబులు ఒకటి రెండుసార్లు మినుకుమన్నాయి, చివర్ల నుంచి మెల్లగా గులాబీ వెలుగు పాకింది. చేప బెదరలేదు. మూలలోంచి తల తిప్పి, మీసాలు ముందుకు చాపి, గాజు దాకా వచ్చింది. నాయనమ్మ రొయ్యను వదిలింది. నీళ్ళు పైకి చిమ్మాయి. రొయ్య లేదు.

వెనక్కి చూస్తే గుమ్మంలో బాబాయి. నిప్పులా మెరుస్తున్న చేపను చూశాడు. నేల మీద వార్తాపత్రికను చూశాడు. తన చేత్తో నిలబెట్టిన చెరకును చూశాడు.

"నువ్వా?" అన్నాడు నాతో. "నోట్లో నాలుక లేనిదానివి, నువ్వా?"

నా చేతులు తడిగా ఉన్నాయి. గౌనుకు తుడుచుకున్నాను.

"నేనే. బాస్‌ని మళ్ళీ పిలవండి బాబాయ్. కారు మలుపు కూడా తిరిగి ఉండదు. ఆయన వచ్చేలోపు ఈ ట్యూబులు పీకేస్తాను. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు పీకుతాను."

నాయనమ్మ ఇంకో రొయ్య తీసి, నడుం దగ్గర పట్టుకుని, చూడకుండానే ముల్లు తుంచింది.

బాబాయి మేకుకున్న హెల్మెట్ అందుకుని, చెరకు గడలను పక్కకు జరిపి, బయటికి వెళ్ళిపోయాడు.